చుక్క కదలట్లేదని రాత్రి మూడింటికి ఫోన్ చేసే తమ్ముడికి

గుంటూరు నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరమే రాసాడు, పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి వెయ్యట్లేదు. వయసు 29. బీటెక్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటుంటే రెండేళ్ళ కింద వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చింది, దాంతో ఇంటికొచ్చేసి నాన్న తిప్పే రెండు లారీల వ్యవహారం నెత్తినేసుకున్నాడు. రెండూ పది టైర్ల బళ్ళే, ఒకటి 2015 మోడల్, ఇంకోటి 2019. పాతదాని మీద అప్పు తీరింది, రెండోదాని మీద ఇంకా ఫైనాన్స్ నడుస్తోంది. ఆ రెండో బండి మీదుండే డ్రైవరు వాళ్ళ నాన్న దగ్గర 19 ఏళ్ళుగా చేస్తున్న మనిషి, చిన్నప్పట్నుంచి బాబాయ్ అనే పిలుపు.

సంక్రాంతికి ముందు కోల్డ్ స్టోరేజీ మిర్చి ఢిల్లీకి లోడు దొరికింది. మూడో రోజు తెల్లారేసరికి బండి ఢిల్లీలో ఉంటుందని పార్టీకి ఈ తమ్ముడే మాటిచ్చాడు. బాబాయ్ ఎప్పుడూ పోయేది పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి, హైదరాబాద్ ఔటర్ ఎక్కి నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్ దారి. ఇతను ఫోన్లో చూస్తే ఖమ్మం, వరంగల్, మంచిర్యాల, చంద్రపూర్ మీదుగా దగ్గరని చూపించింది, అటే పొమ్మన్నాడు. గొణుక్కుంటూనే పోయాడు బాబాయ్. వరంగల్ దాటాక ఎక్కడో బళ్ళు ఆగిపోయినయ్, ఇతను ఇంట్లో మంచం మీద కూర్చుని మ్యాప్ చూసి, ఎడమకి తిరిగి ఊళ్ళోంచి పో, పావుగంటలో మళ్ళీ మెయిన్ రోడ్డు ఎక్కుతావ్ అని చెప్పాడు. తెల్లారుజామున ఐదింటికి బండి పోయి రైల్వే అండర్‌పాస్ దగ్గర అడ్డంగా ఉండే ఇనుప దూలానికి తగిలింది. బోర్డు మీద 3.6 మీటర్లని ఉందంట, చీకట్లో కనపళ్ళేదు. సరుకు మీద కప్పిన పట్టా నిలువునా చిరిగింది, పైవరస టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఆరు పగిలి కాయలన్నీ రోడ్డు మీద. పాలకేన్లతో వచ్చినవాళ్ళు, పొలాలకి పోయేవాళ్ళు అందరికీ తుమ్ములూ దగ్గులూ, తిట్లు. వెనక్కి తియ్యడానికే రెండు గంటలు పట్టింది. ఢిల్లీకి ఆరో రోజు చేరింది. పార్టీ కిరాయిలో 38 వేలు కోసాడు, ఇతను అందులో 15 వేలు బాబాయ్ జీతంలో పట్టుకున్నాడు. బాబాయ్ గొడవేమీ పెట్టుకోలేదు, తాళాలు టేబుల్ మీద పెట్టి "ఇంకమీదట ఆ ఫోన్నే డ్రైవర్‌గా పెట్టుకో అబ్బాయ్" అని వెళ్ళిపోయాడంట. పది రోజులుగా బండి ఏటుకూరు బైపాస్ పక్కన ఖాళీగా ఉంది. నాన్నకి మాట సరిగ్గా రాదు, విషయం తెలిసిన దగ్గర్నుంచీ కొడుకు గదిలోకొస్తే మొహం గోడ వైపు తిప్పుకుంటున్నాడు. బాబాయ్‌ని బతిమాలి తెచ్చుకోవాలా, ఫోన్ చూసి నడిపే కుర్ర డ్రైవర్ని పెట్టుకోవాలా, లేక బండి అమ్మేసి మళ్ళీ ఉద్యోగానికి పోవాలా అనేది ప్రశ్న.

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో 22 ఏళ్ళు బుకింగులు రాసినవాణ్ణి, స్టీరింగ్ పట్టినవాణ్ణి కాదు, కాబట్టి నాది కూడా నీలాగా కుర్చీలోంచి చూసిన తెలివే. అది గుర్తుపెట్టుకునే చదువు.

నీ ఉత్తరం మొత్తం ఏ దారి కరెక్టు అనే దాని మీదే రాసావ్. నాకు మాత్రం మధ్యలో నువ్వు ఊరికే రాసుకుంటూ పోయిన మూడు మాటలు పట్టుకున్నయ్. ఒకటి, ఖర్చు కలిసొస్తుందని క్లీనర్‌ని మానిపించా అన్నావ్. రెండు, జీపీఎస్‌లో చుక్క ఇరవై నిమిషాలు కదలకపోతే ఫోన్ చేస్తా, లేకపోతే పడుకుంటారు అన్నావ్. మూడు, లోడింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలై సాయంత్రం ఆరింటికి బండి కదిలింది అన్నావ్. ఆ మూడూ కలిపి చూడు. పొద్దున ఎప్పుడో లేచిన మనిషి, హమాలీల పక్కన నిలబడి టిక్కీలు లెక్కపెట్టించుకుని, పట్టా కట్టించుకుని, మోకులు బిగించుకుని, ఆరింటి నుంచి తెల్లారుజామున ఐదింటిదాకా తెలియని రోడ్డు మీద ఒంటరిగా నడిపాడు, మధ్యలో నీ ఫోన్లు ఎత్తుకుంటూ. ఆ దూలం కనపడకపోవడానికి చీకటొక్కటే కారణం అంటావా? పక్కన క్లీనర్ ఉంటే దిగి ముందుకెళ్ళి చూసొచ్చేవాడు, ఇరుకు దారిలో క్లీనర్ చేసే మొదటి పనే అది.

ఇప్పుడు నువ్విచ్చిన మాట లెక్క చూద్దాం, బీటెక్ చదివావ్ కదా. గుంటూరు నుంచి ఢిల్లీ 1,800 కిలోమీటర్లు అటూ ఇటూ. లోడు బండికి టోల్‌గేట్లు, ఊళ్ళు, ఎత్తులు అన్నీ కలుపుకుని గంటకి 40 పడితే బాగా పడినట్టు, అంటే చక్రం తిరగాల్సిందే 45 గంటలు. మొదటి రోజు సాయంత్రం ఆరింటికి బయల్దేరి మూడో రోజు తెల్లారుజామున ఆరింటికంటే నీ చేతిలో ఉన్నది 36 గంటలు. పోనీ బయల్దేరిన రోజుని లెక్కలోకి తీసుకోకుండా ఆ తర్వాత మూడో రోజు అనుకుందాం, అప్పుడు 60 గంటలు. ఒక్క డ్రైవర్‌కి 45 గంటల నడక పోను మిగిలే 15 గంటల్లోనే మూడు రాత్రుల నిద్ర, తిండి, స్నానం, టైరు పంచరు, అన్నీ. రోజుకి 8 గంటల పని, 5 గంటలకొకసారి అరగంట ఆపాలి అని రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది, దాన్ని రోడ్డు మీద ఎవడు పాటిస్తున్నాడు అంటావ్, సరే, రోజుకి పది గంటలు వేసుకున్నా నాలుగున్నర రోజులు. పొగమంచు నెలల్లో గ్వాలియర్ దాటాక తెల్లారుజామున ముందు బండి తోకలైటు కూడా కనపడదు, అది కలుపుకుంటే ఆరో రోజు చేరడం ఆలస్యమే కాదసలు. నువ్వు ఇచ్చిన మాటే తప్పు.

అంత తొందర ఎవరు పెట్టారు అనేది కూడా చూడు. ఈ-వే బిల్లు, అదే సరుకుతో పాటు బండిలో ఉండాల్సిన జీఎస్టీ కాయితం, అయితే కాదు, దానికి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున ఇస్తారు, నీ ట్రిప్పుకి 9 రోజులు వస్తది, చాలకపోతే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల తర్వాతదాకా పొడిగించుకోవచ్చు. పైగా తెల్లారేసరికి చేరితే ఏం లాభం? ఢిల్లీలో పగలు పెద్ద లారీలకి నో ఎంట్రీ, పొద్దుపోయాక గానీ వదలరు. మిర్చి, మసాలాల మార్కెట్ ఖారీ బావలి సందుల్లోకి మన పది టైర్ల బండి ఎటూ పోదు, బయట గోడౌన్లో దించి చిన్న బళ్ళకి ఎక్కించాల్సిందే. అంటే బాబాయ్ చచ్చీ చెడీ ఆరింటికి చేరినా రాత్రిదాకా ఊరి బయట రోడ్డు పక్కన పడుండాలి. ఈ సంగతి ఆయనకి తెలుసు. నువ్వు ఆయన్ని అడగలేదు.

చుక్క గురించి ఒకటి చెప్తా, ఇది నేను ఎవరికీ చెప్పుకునేది కాదు. మా ఆఫీసులో జీపీఎస్‌లు కొత్తగా పెట్టిన రోజుల్లో స్క్రీన్ ముందు కూర్చునే పని నాదే. ఒక రాత్రి ఒంగోలు దాటాక ఒక బండి అరగంట ఆగింది, ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడా, కదిలాడు. గంట తర్వాత ఎంతదాకా వచ్చావ్ అని మళ్ళీ చేసా. ఫోన్ ఎత్తాడు, "వస్తన్నానన్నా" అన్నాడు, అంతే, పెద్ద శబ్దం. రోడ్డు వారన లైట్లు లేకుండా ఆపుకున్న ట్రాలీ వెనక పోయి గుద్దాడు. బతికాడు, ఎడం కాలు మోకాలి కింద తీసేసారు. యాక్సిడెంట్ కాయితాల్లో ఆగి ఉన్న ట్రాలీ అని రాసారు, నా ఫోన్ సంగతి ఎవరూ రాయలేదు. హైవే మీద ప్రమాదాలంటే గుంటలు, ఘాట్లు, గేదెలు, రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు అనుకుంటాం. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య కన్ను మూతపడే టైంలో మోగే ఓనరు ఫోన్ కూడా అందులో ఒకటి. చుక్క ఆగిందంటే మంచిదే తమ్ముడూ, పడుకున్నాడని.

ఇక మ్యాప్ సంగతి. నీ ఫోన్లో ఉన్న మ్యాప్ కారుకి దారి చూపిస్తది, దానికి నీ బండి ఎత్తూ తెలీదు, బరువూ తెలీదు, మలుపు తిరగడానికి ఎంత జాగా కావాలో అసలే తెలీదు. మిర్చి తేలిక సరుకు, బరువు నిండకముందే జాగా నిండుద్ది, అందుకే లోడు పైకి లేస్తది. ఇనుము వేసుకున్న బండి ఈజీగా దూరిపోయే చోట మిర్చి బండి తగులుకుంటది. అదే బండి, అదే డ్రైవరు, సరుకు మారితే దారి మారిపోద్ది. మ్యాప్‌లో నువ్వు చూడాల్సింది ఎక్కడ జామ్ ఉంది, ఎంతసేపు పట్టుద్ది అనేది. మెయిన్ రోడ్డు దింపి ఊళ్ళోకి పొమ్మంటే మాత్రం వినొద్దు, జామ్‌లో రెండు గంటలు కూర్చున్నా పర్లేదు, అక్కడ కనీసం హ్యాండ్‌బ్రేక్ వేసుకుని ఒక కునుకు తీస్తాడు.

అలాగని మంచిర్యాల, చంద్రపూర్ దారి చెడ్డదని నేను అనట్లేదు, ఆ దారిలో పోయే బళ్ళు బోలెడు. తేడా ఏంటంటే బాబాయ్‌కి నిర్మల్ దారిలో ప్రతి ధాబా తెలుసు. ఏ బంకులో లైట్లుంటయ్, ఎక్కడ పడుకుంటే పట్టా కోయరు, డీజిల్ లాగరు, ఎక్కడ పది తెలుగు బళ్ళు కలిసి ఆగుతయ్, ఇవన్నీ ఆయన బుర్రలో ఉన్నయ్. కొత్త దారిలో ఇవేమీ లేవు, కాబట్టే ఆయన రాత్రంతా ఆపకుండా తోలాడు, ఎక్కడ ఆపాలో తెలీక. కొత్త దారి చూడాలంటే ఖాళీ బండితోనో, టైం ఉన్న లోడుతోనో పగలు ఒకసారి పోయి రమ్మనాల్సింది. మీ బాబాయ్ గొప్పతనం నువ్వే ఉత్తరంలో రాసావ్, 2024 సెప్టెంబర్ 1న వానల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ నార్కట్‌పల్లి దగ్గరే బండి మిర్యాలగూడ వైపు తిప్పేసాడని. ఆ రోజు నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్ళు హైవే మీదకొచ్చి విజయవాడ రోడ్డు ఆగిపోయింది, ముందు ఏడాది జూలైలో కూడా అక్కడే ఆగింది. ఒకసారి ఇరుక్కున్నవాడికి గుర్తుంటది, వాన చూడగానే తిప్పుకున్నాడు.

కానీ బాబాయ్ దేవుడేం కాదు. దిగుడులో న్యూట్రల్ వేస్తాడని, మైలేజీ బాగా తెస్తాడని నువ్వు మెచ్చుకుంటూ రాసావ్ చూడు, అక్కడ నా గుండె ఆగినంత పనైంది. లోడు బండిని న్యూట్రల్లో దించితే ఇంజన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే, తొక్కగా తొక్కగా డ్రమ్ములు కాలి లైనర్లు పట్టవు, బ్రేకులకి కావాల్సిన ఎయిర్ కూడా దిగిపోద్ది. సియోని దగ్గర కురై ఘాట్ గానీ, రాయ్‌పూర్ లోడు దొరికితే వచ్చే కేష్‌కాల్ ఘాట్ మలుపులు గానీ, అక్కడ ఎక్కిన గేర్లోనే దిగాలి అనేది పాతకాలం డ్రైవర్ల లెక్క. ఆయనకి తెలియక కాదు. కిలోమీటర్‌కింత డీజిల్ అని నువ్వు లెక్కగట్టి ఇస్తున్నావ్, మిగిలింది ఆయనదే అన్నావ్, అంటే న్యూట్రల్ వేసినందుకు డబ్బులిస్తన్నావన్నమాట. ఆ మిగులు లెక్క ఘాట్ ఉన్న ట్రిప్పులకి తీసేసి బత్తా కొంచెం పెంచు.

నీ ముందున్న దారులు ఏంటో చూద్దాం.

కుర్ర డ్రైవర్ని పెట్టుకుంటే ఫోన్ చూస్తాడు, లొకేషన్ పంపిస్తాడు, నీ మాట వింటాడు. వినడమే ఇబ్బంది. నువ్వు ఎడమకి తిప్పమంటే గొణక్కుండా తిప్పుతాడు. పైగా నమ్మకమైన లాంగ్ డ్రైవర్లు ఇప్పుడు దొరకట్లేదు, దొరికినవాడు ముందు అడ్వాన్స్ అడుగుతాడు, రెండు ట్రిప్పుల తర్వాత ఇంకో ఓనరు ఎక్కువిస్తే పోతాడు. వచ్చేవాడు మంచివాడే కావచ్చు, నీ పద్ధతి ఇలాగే ఉంటే ఆర్నెల్లలో ఇంకో ఉత్తరం రాస్తావ్, ఈసారి టిక్కీలు పగిలిన విషయం కాకపోవచ్చు.

బాబాయ్‌నే తెచ్చుకుని దారి మొత్తం ఆయనకే వదిలేస్తే ఇంట్లో శాంతి, నాన్న మొహం ఇటు తిరుగుద్ది. కానీ ఆయనకి తెలియనివి కూడా వచ్చినయ్. 2025 నవంబర్ 1 నుంచి బయటి రిజిస్ట్రేషన్ ఉన్న బీఎస్ త్రీ (బీఎస్ అంటే ఇంజన్ పొగకి పెట్టిన లెక్క), అంతకన్నా పాత సరుకు బళ్ళని ఢిల్లీలోకి రానివ్వట్లేదు, బీఎస్ ఫోర్ వాటికి 2026 అక్టోబర్ 31 దాకా టైమిచ్చారు. నీ 2015 బండి బీఎస్ త్రీ అయ్యుండాలి, ఆర్‌సీలో చూసుకో, దాన్ని ఢిల్లీ బుకింగ్‌లో పెట్టొద్దు. 2019ది బీఎస్ ఫోర్, దానికి కూడా ఆ గడువు తర్వాత ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించు, చలికాలంలో కాలుష్యం పెరిగితే మధ్యలో ఇంకా బిగిస్తారు. ఇలాంటివి చూడాల్సింది ఆఫీసులో కూర్చున్న నువ్వు.

నాకు నచ్చేది ఏంటంటే పని పంచుకోవడం. బండి కదలకముందు ఇద్దరూ కూర్చుని, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎక్కడ డీజిల్, వానొస్తే ఎటు, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. పార్టీకి టైం చెప్పేది ఆ కాగితం చూసాకే. బండి కదిలాక నిర్ణయం ఆయనది, నీకు రోడ్డు మూసారని తెలిస్తే మెసేజ్ పెట్టు, ఆగినప్పుడు చూసుకుంటాడు. రోజుకి రెండుసార్లు ఆయనే ఫోన్ చేస్తాడు, నువ్వు చెయ్యవు. క్లీనర్‌ని మళ్ళీ పెట్టుకో, వీలైతే లైసెన్స్ ఉన్న కుర్రాణ్ణి రెండో డ్రైవర్‌గా వెయ్యి, ఫోన్ వాడు చూస్తాడు, రోడ్డు బాబాయ్ నేర్పిస్తాడు. దీంట్లో నష్టం ఉంది, దాచను. ట్రిప్పుకి ఇంకో మనిషి బత్తా, నెలకి ఒక ట్రిప్పు తగ్గొచ్చు, మూడు రోజుల్లో చేరుస్తాం అనే ఇంకో ఓనరు దగ్గరికి కొన్ని పార్టీలు పోతయ్. ఈఎంఐ కష్టమైతే పొగమంచు నెలల్లో ఢిల్లీ మానేసి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లోడ్లు చూసుకో, కిరాయి తక్కువే గానీ డ్రైవరు రెండో రోజుకి ఇంట్లో ఉంటాడు. దసరా టైంలో విజయవాడలో పెద్ద బళ్ళని బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ వైపు తిప్పేస్తారు, ఆ గంటలు కూడా కలుపుకో.

అమ్మేసి ఉద్యోగానికి పోవడం కూడా తప్పేం కాదు, దాన్ని ఓడిపోయినట్టు చూడకు. కానీ ఫైనాన్స్ బాకీ ఎంత, బండికి ఎంతొస్తది అని లెక్కేసుకున్నాక తీసుకో ఆ నిర్ణయం, బాబాయ్ మీద కోపంతోనో నాన్న మొహం చూళ్ళేకో తీసుకోకు. సీజన్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో సరుకు పొర్లుతున్నప్పుడు ఖాళీ బండి చూసి ఎవడూ మంచి రేటు కట్టడు, నీ అవసరం వాడికి తెలిసిపోద్ది.

ఒక చిన్న సంగతి, బండి ఇన్సూరెన్స్ లోపలి సరుక్కి రాదు, సరుక్కి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి, ఎవరు తీసుకున్నారో బుకింగప్పుడే పార్టీని అడిగి రాయించుకో. అది ఉంటే ఈ 38 వేల గొడవ కొంతైనా తగ్గేదేమో.

ఆ 15 వేల సంగతికొద్దాం. ఊళ్ళోంచి పొమ్మన్నది నువ్వు, క్లీనర్‌ని తీసేసింది నువ్వు, టైం చెప్పింది నువ్వు. ఆయన తప్పేమైనా ఉంటే బండి దిగి చూడకపోవడం, పదకొండు గంటలు తోలినవాడిని దానికి పట్టుకోలేం. ఫోన్లో సారీ చెప్పకు, ఫోన్ అంటేనే ఆయనకి మంటగా ఉంది. ఇంటికి వెళ్ళు, పిన్ని ఉన్నప్పుడు వెళ్ళు, 15 వేలు కవర్లో పెట్టి ఇవ్వు. తిరిగి రమ్మని ఆ రోజే అడగొద్దు, డబ్బులిచ్చి పనికి పిలిచినట్టు ఉంటది. వస్తాడో రాడో నేను చెప్పలేను, 19 ఏళ్ళు చేసిన మనిషి తాళాలు పెట్టాడంటే తేలిగ్గా పెట్టుండడు. రాకపోయినా ఆ డబ్బు ఆయనదే.

వస్తే మాత్రం, తర్వాతి లోడుకి పట్టా కట్టి మోకులు బిగించాక ఒక టేపు పట్టుకుని నువ్వే బండెక్కు, నేల నుంచి పైవరస టిక్కీ మీద పట్టా దాకా ఎంతుందో ఇద్దరూ కొలవండి. ఆ నంబరు చాక్‌పీస్‌తో డ్యాష్‌బోర్డు మీద రాయమని ఆయనకే ఇవ్వు.